ఇంగ్లీషు వ్యాసాలకు స్కోరు వేసే పనిలో: నా అనుభవం

ఇంగ్లీషు ప్రావీణ్య పరీక్షల వ్యాసాలకు స్కోరు వేసేవారు కావాలని ఒక పరీక్షా సంస్థ ప్రకటన ఇస్తే, జనవరి రెండో వారంలో దరఖాస్తు పెట్టాను. ఇంటి నుంచి చేసుకునే పని, గంటల లెక్కన చెల్లింపు, ఏడాదికి రెండు మూడు విడతలు. డిగ్రీలు, బోధనానుభవం, తెలిసినవారి సిఫారసు లేఖలు మామూలుగానే అడిగారు. ఆ తరువాత మాతృభాష గడి వచ్చింది. అందులో తెలుగు అని ఎంచుకోగానే కింద మరో పేజీ తెరుచుకుంది. ఇంగ్లీషు ప్రావీణ్యానికి ధ్రువపత్రం జతచేయాలి, అది ఇటీవలిదై ఉండాలి. అది చాలదన్నట్టు, గడియారం పెట్టి రాయించే ఒక వ్యాసం కూడా రాయాలి. ఇంగ్లీషే మాతృభాష అని నింపినవారికి ఆ పేజీ రాదని తరువాత తోటివారు చెబితే తెలిసింది. ఏళ్ల తరబడి ఇంగ్లీషు వ్యాకరణం బోధించి, నా దగ్గర చదువుకున్నవాళ్లు రాసే పరీక్షే నేనూ వెళ్లి రాయవలసి రావడం చిన్నతనంగా అనిపించింది. రుసుము నా జేబులోంచే పోయింది. ఈ పనికి దిగాలనుకునేవారు ఆ ఖర్చునూ, ఆ ఫలితం చేతికి వచ్చేదాకా ఆగవలసిన వారాలనూ ముందే లెక్కలో వేసుకోవడం మంచిది.

సమాధానం వచ్చేసరికి ఫిబ్రవరి అయిపోవచ్చింది. ఎంపికయ్యానన్న కబురుతో పాటు నేను ఊహించని సంగతి ఒకటి అందులో ఉంది. ఈ విడతలో దిద్దేవారిలో సగం మంది ఇంగ్లీషు మాతృభాషగా పెరిగినవారు, సగం మంది దాన్ని నేర్చుకున్నవారు ఉండేలా చూశారట. కొన్ని వ్యాసాలను అందరి చేతా దిద్దించి, రెండు వర్గాల స్కోర్లు ఎలా ఉన్నాయో పోలుస్తారట. ఏ వ్యాసాలు అలాంటివో మాకు తెలియనివ్వరు. అంటే మేము వ్యాసాలు దిద్దుతుంటే, మమ్మల్ని ఇంకెవరో దిద్దుతూ ఉంటారన్నమాట. ఆ మాట చదివినప్పటి నుంచి విడత ముగిసేదాకా వీపు మీద ఎవరి చూపో ఉన్నట్టే గడిచింది.

గోప్యతా ఒప్పందం మీద సంతకం పెట్టించుకున్నారు. అందుకే కింద చెప్పే వ్యాసాల విషయాలు మార్చి రాస్తున్నాను. వాటిలోని గుణదోషాలు మాత్రం ఉన్నవే. తలుపు వేసుకున్న గదిలో ఒంటరిగా కూర్చుని చేయాలి, కాపీ తీసుకునే వీలు లేకుండా వారిచ్చిన ప్రత్యేక బ్రౌజర్‌లోనే పని చేయాలి. ఆ బ్రౌజర్ నా పాత ల్యాప్‌టాప్‌లో తెరుచుకోనని మొరాయించింది. కొత్తది కొనక తప్పలేదు. ఒక తెర మీద వ్యాసం, మరో తెర మీద స్కోరింగ్ సూచనలు పెట్టుకుంటే తప్ప పని ముందుకు సాగదని అర్థమయ్యాక రెండో తెరా కొన్నాను. మొదటి నెల సంపాదన దాదాపు ఈ సరంజామాకే సరిపోయింది.

మార్చి మొదటి వారంలో శిక్షణ మొదలైంది. ఒకటి నుంచి ఆరు దాకా స్కేలు. అయిదు కాకుండా ఆరెందుకని మాలో ఒకరు అడిగితే, బేసి సంఖ్య పెడితే తేల్చుకోలేని ప్రతి వ్యాసానికీ అందరూ నట్టనడుమ అంకె వేసి తప్పుకుంటారని, సరిసంఖ్య అయితే పైవైపో కిందివైపో తేల్చక తప్పదని శిక్షకురాలు చెప్పారు. వ్యాసం మొత్తానికి కలిపి ఒక స్కోరు. పోలిక కోసం ఎంచిన వ్యాసాలు వచ్చినప్పుడు మాత్రం ఆలోచన, అమరిక, పదసంపద, వ్యాకరణం అని విడివిడిగా మరో నాలుగు. 1981లో వచ్చిన ఒక ప్రసిద్ధ కొలమానాన్ని ఆమె ఉదాహరణగా చూపించారు. దాన్ని తయారుచేసిన జేకబ్స్ బృందం నూరు మార్కులను విషయానికి 30, అమరికకు 20, పదాలకు 20, వ్యాకరణానికి 25, అక్షరదోషాలు, విరామచిహ్నాలు వంటివాటికి 5గా పంచింది. ఆ అయిదు చూసి నేను కొంచెం కదిలాను. తరగతి గదిలో నా ఎర్ర కలం సగం పనిచేసేది ఆ అయిదు మార్కుల మీదే.

అసలు శిక్షణలో అన్నిటికన్నా కష్టమైనది కలం లేకపోవడం. తెర మీద వ్యాసం కనిపిస్తుంది, పక్కన ఆరు అంకెలు ఉంటాయి. అంతే. గీత గీయడానికి, సున్నా చుట్టడానికి, అంచున ఒక మాట రాయడానికి చోటే లేదు. తప్పు కనబడినా చేయడానికి ఏమీ ఉండదు. మనసులో పెట్టుకుని ముందుకు పోవాలి. ఉపాధ్యాయులందరికీ ఇదే బాధ అని, అలవాటు పడటానికి కొన్ని రోజులు పడుతుందని శిక్షకురాలు ఓదార్చారు. వ్యాసాన్ని ఒక్కసారి, ఆగకుండా, చివరిదాకా చదవాలి. రెండు మూడు నిమిషాల్లో స్కోరు వేయాలి. రెండోసారి చదివితే స్కోరు కిందికి జారుతుందట, ఎందుకంటే రెండోసారి కళ్లు తప్పుల కోసమే వెతుకుతాయి. నా విషయంలో అది అక్షరాలా నిజమైంది.

నమూనా వ్యాసాలు ఇచ్చారు. అనుభవజ్ఞులు ముందే చర్చించి స్కోరు ఖాయం చేసినవి. ప్రతిదాని కిందా ఆ స్కోరు ఎందుకో చిన్న వ్యాఖ్య. ఆరు వచ్చిన నమూనాలు తెరిచి చూస్తే వాటిలోనూ తప్పులు ఉన్నాయి. ఒకదానిలో కర్తకు తగని క్రియ, మరోదానిలో అర్ధాంతరంగా తెగిన వాక్యం. నేను నిర్ఘాంతపోయాను. వ్యాఖ్యలో మాత్రం ఇది అరగంటలో రాసిన మొదటి ప్రతి అని, ఆలోచన సాగిన తీరుకు ఈ తప్పులు అడ్డం రాలేదని ఉంది. ఆ వారమంతా ఆ నమూనాలతో వాదిస్తూనే గడిపాను. మా సామూహిక పాఠంలో ఇంగ్లీషు మాతృభాషగా గల ఒకాయన దీనికి సరిగ్గా ఎదురు ఇబ్బంది చెప్పారు. ఆరు వచ్చిన వ్యాసాలు చప్పగా ఉన్నాయని, రాసిన మనిషి ఎక్కడా కనిపించడం లేదని, తానైతే నాలుగుకు మించి ఇవ్వనని ఆయన గొడవ. ఒకే వ్యాసం మీద ఆయనకూ నాకూ ఫిర్యాదే, కారణాలు మాత్రం ఉత్తర దక్షిణాలు.

శిక్షణ చివర అర్హత పరీక్ష. కొన్ని వ్యాసాలు ఇస్తారు. మనం వేసిన స్కోరు ముందే ఖాయమైన స్కోరుతో ఎక్కువ వాటిలో అచ్చంగా కలవాలి, మిగిలినవాటిలో ఒక మెట్టు తేడా పరవాలేదు, రెండు మెట్ల తేడా వస్తే గండమే. మొదటిసారి తప్పితే ఇంకొక్క అవకాశం ఉంటుంది. ఆ రోజు ఉదయం నుంచి గుండె దడదడే. విద్యార్థుల పరీక్ష భయం గురించి ఇన్నాళ్లు ఉపన్యాసాలు ఇచ్చిన నోరు ఎండిపోయింది. గట్టెక్కాను. రూబ్రిక్‌లోని, అంటే ఏ స్కోరుకు ఏముండాలో చెప్పే సూచనల పట్టికలోని మాటలను పక్కన పెట్టి, నమూనాలతోనే పోల్చుకుంటూ పోవడం నన్ను కాపాడింది. ‘తగినంత’, ‘చాలావరకు’, ‘కొంతమేరకు’ వంటి మాటలు ఎన్నిసార్లు చదివినా గీత ఎక్కడుందో చెప్పవు. నాలుగు వచ్చిన నమూనా కన్నా ఇది మెరుగా, తక్కువా అని అడిగితే జవాబు వెంటనే దొరుకుతుంది. చప్పగా ఉన్నాయన్న ఆయన మొదటిసారి తప్పి, రెండోసారి నెగ్గారు. అంటే మాతృభాష కావడం అర్హత పరీక్షలో ఎవరినీ ఒడ్డెక్కించలేదు.

అసలు స్కోరింగ్ ఏప్రిల్ మధ్యలో మొదలై మే నెలాఖరు దాకా సాగింది. ప్రతి రోజూ పని మొదలుపెట్టే ముందు చిన్న కాలిబ్రేషన్, అంటే మన స్కోర్లు ఖాయమైన స్కోర్లతో కలుస్తున్నాయో లేదో చూసే పరీక్ష ఉంటుంది; అది దాటితేనే ఆనాటి వ్యాసాలు తెరుచుకుంటాయి. నిన్న బాగా చేశానన్న ధీమా ఈ రోజుకు పనికిరాదు. దాటలేకపోతే ఆ రోజు పని లేదు, చెల్లింపూ లేదు. దాటిన తరువాత కూడా వచ్చే వ్యాసాల మధ్య స్కోరు ముందే ఖాయమైనవి కలిపి పంపుతుంటారు. రెండు మూడు వరుసగా దారి తప్పితే బృంద నాయకురాలి నుంచి సందేశం వస్తుంది: ‘కొంచెం ఆగి, నాలుగు స్థాయి నమూనాలు మరోసారి చూడండి.’ మర్యాదగానే ఉంటుంది, కానీ చదవగానే ముఖం వేడెక్కుతుంది.

ఈ పని గురించి ఎవరూ ముందుగా చెప్పనివి కొన్ని ఉన్నాయి. ఒకే ప్రశ్నకు రాసిన సమాధానాలు రోజంతా చదవాలి. మధ్యాహ్నానికి సొంత అభిప్రాయం ఏమిటో కూడా మరిచిపోతాం. వరుసగా బలహీనమైనవి వచ్చి, తరువాత ఓ మోస్తరుది వస్తే అది మహాద్భుతంగా కనిపిస్తుంది. అందుకే ప్రతి గంటకూ ఒక నమూనాను తిరిగి చదివే అలవాటు పెట్టుకున్నాను. ఖాళీ కాగితాలు, ప్రశ్ననే ఎత్తి రాసినవి, అడిగిన దానికి సంబంధం లేకుండా బట్టీపట్టిన మరో వ్యాసం దించినవి, వీటికి వేరే మీటలు ఉంటాయి. ఇంకో మీట ఉంది, దాన్ని నొక్కే అవసరం రాకూడదని అనుకున్నాను గానీ వచ్చింది. ఇంట్లో తనను కొడుతున్నారని ఒక విద్యార్థి వ్యాసం నడుమ రాసింది. అలాంటివి వెంటనే పైవారికి పంపాలి, తరువాత ఏమైందో మనకు తెలియదు. పంపేశాక ఆ వ్యాసానికి స్కోరు కూడా వేయాలి. వేశాను. ఆ రోజు ఇక పని చేయలేదు.

నడుమ మేలో బృంద చర్చ పెట్టారు. అందరం దిద్దిన కొన్ని వ్యాసాలు బయటపెట్టి, ఎవరు ఎంత వేశారో, ఎందుకో చెప్పమన్నారు. ఈ అనుభవం మొత్తంలో నాకు మిగిలిన విలువైన గంటలు అవే.

మొదటి వ్యాసం బృందాలుగా పనిచేయడం గురించి. ఆ పిల్లవాడో పిల్లో ‘ఎ’, ‘ది’ అన్న ఆర్టికల్స్ వేయవలసిన చోట వేయలేదు, అక్కరలేని చోటల్లా వేశారు. కానీ వాదన భలేగా ఉంది: బృందంలో సోమరి కూడా ఒక విద్య నేర్చుకుంటాడు, పని చేసేవాడి వెనక దాక్కునే విద్య, పెద్దయ్యాక ఉద్యోగంలో ఎక్కువగా అక్కరకొచ్చేది అదే. ఇంగ్లీషు మాతృభాషగా గలవారిలో చాలామంది అయిదు వేశారు. నేను నాలుగు వేశాను. ‘రెండో పేరా వచ్చేసరికి ఆ తప్పులు నాకు కనిపించడమే మానేశాయండి’ అన్నారు ఒకావిడ. నాకు మాత్రం చివరి వాక్యం దాకా ఒక్కొక్కటీ కనిపిస్తూనే ఉంది. తెలుగులో ఆర్టికల్స్ లేవు. వాటిని ఒక్కొక్క నియమంగా, ఒక్కొక్క మినహాయింపుగా కష్టపడి వంటబట్టించుకున్నాను. అలా నేర్చుకున్నది ఇంకొకరు వదిలేస్తే కన్ను దాటిపోదు. అయితే నేర్చుకున్నవాళ్లమంతా ఒకే తీరుగా ఉన్నామని కూడా కాదు. మాతృభాషలో ఆర్టికల్స్ ఉన్న ఒక యూరప్ సహచరుడు నా కన్నా కఠినంగా మూడు వేశారు. ఆర్టికల్స్ లేని భాష నుంచి వచ్చిన మరొకరు ‘ఇవి ఎంత కష్టమో నాకు తెలుసు’ అని అయిదు వేశారు. ఒకే అనుభవం నన్ను కఠినంగా మార్చింది, ఆయన్ను మెత్తగా మార్చింది.

రెండో వ్యాసంలో భాషాదోషం దాదాపు లేదు. ‘నేటి ఆధునిక యుగంలో’ అని మొదలై, ప్రతి నాణేనికీ రెండు ముఖాలుంటాయని చెప్పి, మొదటిది, రెండోది, చివరిది అని అంచెలంచెలుగా నడిచి ముగిసింది. నేను మూడు వేశాను. ఆ చట్రం నాకు కొత్త కాదు. ప్రశ్న ఏదైనా అందులో నాలుగు మాటలు మారిస్తే చాలు. వ్యాసంలో విద్యార్థి సొంతంగా రాసింది అయిదారు వాక్యాలకు మించి లేదు. ఇంగ్లీషు దేశాల్లోనే చదివి, అక్కడే పాఠాలు చెప్పిన ఇద్దరు దీనికి అయిదు వేశారు. అమరిక శుభ్రంగా ఉంది, భాష నిలకడగా ఉంది, ఇంకేం కావాలని వారి వాదన. ఇంగ్లీషువారు భావాన్ని చూస్తారు, మనవంటివారు వ్యాకరణం చూస్తారు అని అప్పటిదాకా అందరూ చెప్పుకునే మాట ఇక్కడ తిరగబడింది. బట్టీ కొట్టిన చట్రాన్ని గుర్తుపట్టడానికి దాన్ని వందలసార్లు చూసి ఉండాలి. వారు చూడలేదు, నేర్చుకున్న భాషగా ఇంగ్లీషును బోధించే మాకు అది నిత్యదర్శనం.

మూడోదానిలో గొడవ ముదిరింది. విద్యార్థి తన భాషలో ఆలోచించి, వాక్యాలను ఉన్నవున్నట్టు ఇంగ్లీషులోకి దించినట్టు ఉంది. ఒక పేరా ఇంగ్లీషు మాతృభాషవారిలో ఎవరికీ అర్థం కాలేదు. ఆ విద్యార్థి భాష తెలిసిన సహచరురాలు మాత్రం గడగడా వివరించారు: వెనక ఒక సామెత ఉంది, అది తెలిస్తే వాదన చక్కగా అతుకుతుంది. ఆమె నాలుగు వేశారు, మిగిలినవారిలో చాలామంది రెండు. బృంద నాయకురాలు తీర్పు చెప్పారు: కాగితం మీద ఉన్నదానికే స్కోరు, మీకు తెలిసినదానికి కాదు. నియమంగా అది సరైనదేనేమో. కానీ పాఠకుడికి అర్థం కావడం అన్నప్పుడు ఆ పాఠకుడు ఎవరు? ఆ విద్యార్థి రేపు ఇంగ్లీషులో రాయబోయే ఉత్తరాల్లో సగం ఇంగ్లీషు మాతృభాష కానివారికే చేరతాయి. ఈ మాట నేను చర్చలో అన్నాను. నోట్ చేసుకుంటామన్నారు.

చిన్న చిన్న వింతలూ బయటపడ్డాయి. అపాస్ట్రఫీ ఉన్న ‘ఇట్స్’, లేని ‘ఇట్స్’ తారుమారైతే మాకు ఒళ్లు మండుతుంది. ఇంగ్లీషు మాతృభాషవారిలో కొందరు నవ్వి వదిలేశారు, తాము కూడా తొందరలో అలాగే రాస్తామని. వారికి ఆ రెండూ చెవి ద్వారా వచ్చాయి, అక్కడ రెండింటికీ ఒకటే ధ్వని. మాకు పుస్తకం నుంచి వచ్చాయి, అక్కడ అవి రెండు వేర్వేరు మాటలు. ‘బట్’తో, ‘బికాజ్’తో వాక్యం మొదలుపెడితే తప్పని మాలో కొందరు స్కోరు తగ్గించారు, అలాంటి నియమమే లేదని అటువైపు వారు తేల్చేశారు. ఇంకో తమాషా, ఒక వాక్యం తప్పని అందరూ ఒప్పుకున్నాక ‘ఎందుకు తప్పు?’ అని నాయకురాలు అడిగితే అటువైపు వారు ‘అలా అనం, అంతే’ అన్నారు, మేము నియమం పేరు, దాని మినహాయింపులు అప్పజెప్పాం. స్కోరు మాత్రం రెండు వైపులా ఒకటే.

విడత ముగిశాక వ్యక్తిగత నివేదిక కోసం ఆగాలి. నాలుగు వారాల్లో అన్నారు, జూలై మూడో వారం దాకా రాలేదు. ఆ ఖాళీలో ఉండబట్టలేక ఇదే విషయం మీద వచ్చిన పాత పరిశోధనలు వెతికి చదివాను. 1982లో హ్యూస్, లాస్కరాటు అనే ఇద్దరు పరిశోధకులు గ్రీకు ఉపాధ్యాయులకు, ఇంగ్లీషు మాతృభాషగా గల ఉపాధ్యాయులకు, ఉపాధ్యాయులు కాని ఇంగ్లీషువారికి అవే తప్పుల వాక్యాలు ఇచ్చి చూశారు. గ్రీకు ఉపాధ్యాయులు ప్రాథమిక నియమం తప్పితే మండిపడ్డారు, ఉపాధ్యాయులు కాని ఇంగ్లీషువారు దాదాపుగా అర్థమయిందా లేదా అన్నదాన్నే పట్టుకున్నారు, ఇంగ్లీషు ఉపాధ్యాయులు రెండూ చూశారు. నడుమ నడుమ ఉంచిన సరైన వాక్యాల్లో ఒకదాన్ని తప్పని తేల్చినవారిలో ఇంగ్లీషువారు కూడా ఉండటం చదివి, చెప్పవద్దూ, నాకు లోపల సంతోషం కలిగింది. 1988లో శాంటోస్ 178 మంది ఆచార్యుల చేత రెండు వ్యాసాలు దిద్దిస్తే, తప్పుల మీద ఇంగ్లీషు మాతృభాష కానివారే ఎక్కువ కఠినంగా ఉన్నారు. అదే నిజమని స్థిరపడబోతుంటే 1992 నాటి కొబయాషి అధ్యయనం ఎదురైంది: 269 మందిలో వ్యాకరణం దగ్గర కఠినంగా ఉన్నది ఇంగ్లీషువారు, మెత్తగా ఉన్నది జపనీయులు.

నా పరిస్థితికి దగ్గరగా ఉన్నది 2001లో లింగ్ షి చేసిన పని. ఇంగ్లీషు మాతృభాషగా గల 23 మంది, చైనీయులు 23 మంది, పది వ్యాసాలు. ఏ రూబ్రిక్కూ ఇవ్వలేదు, స్కోరు వేసి కారణాలు మాత్రం రాయమన్నారు. రెండు వర్గాల స్కోర్లలో చెప్పుకోదగ్గ తేడా లేదు. కారణాలు మాత్రం వేరు: ఇంగ్లీషువారు విషయాన్ని, భాషను మెచ్చుకుంటూ ఎక్కువ రాశారు, చైనీయులు అమరికను, నిడివిని తప్పుపడుతూ ఎక్కువ రాశారు. మే నెల చర్చలో నేను విన్నది ఇదే కదా అనిపించింది. అన్నిటికన్నా నన్ను తికమక పెట్టినది మాత్రం ఇంకా పాతది, 1961లో డీడెరిక్ బృందం చేసినది. అందులో మాతృభాష ప్రస్తావనే లేదు. కాలేజీ విద్యార్థుల 300 వ్యాసాలను వేర్వేరు వృత్తుల్లోని 53 మంది చదువరులకు ఇచ్చి, తొమ్మిది మెట్లలో తోచినట్టు వేయమన్నారు. ఏ ఒక్క వ్యాసానికీ అయిదు రకాల కన్నా తక్కువ స్కోర్లు రాలేదు. నూటికి 94 వ్యాసాలకు ఏడు గానీ, ఎనిమిది గానీ, తొమ్మిది గానీ రకాల స్కోర్లు వచ్చాయి. శిక్షణ, నమూనాలు, రోజువారీ కాలిబ్రేషన్ ఇవన్నీ ఎందుకు పుట్టాయో అది చదివాక అర్థమైంది. నాకు విసుగు పుట్టించిన ఆ తంతు లేకపోతే మేమూ అంతే.

నివేదిక వచ్చింది. రెండు పేజీలు, ఒక పటం. దిద్దేవారి కఠినత్వాన్ని, వ్యాసం బాగోగులను, అంశం కష్టాన్ని వేరువేరుగా విడదీసి లెక్కకట్టే రాష్ పద్ధతి గణాంకం అది. నిలువు గీత మీద మేమంతా చుక్కలం. పైన ఉన్నవారు కఠినులు, కింద ఉన్నవారు ఉదారులు. రెండు రంగుల చుక్కలు, మాతృభాషవారికి ఒకటి, నేర్చుకున్నవారికి ఒకటి. రంగులు పైనా కిందా అంతటా కలగలిసి ఉన్నాయి. మొత్తం స్కోర్ల సగటులో రెండు వర్గాల మధ్య లెక్కలోకి తీసుకోదగ్గ తేడా లేదని కింద రాశారు. అన్నిటికన్నా పైనున్న చుక్క, అన్నిటికన్నా కిందనున్న చుక్క, రెండూ ఒకే రంగువి. ఏ రంగో చెబితే ఎవరైనా ఏదో ఒక కథ అల్లేస్తారు, కాబట్టి చెప్పను.

నా చుక్క మొత్తం స్కోరులో నడుమన ఉంది. విడి అంశాలకు వచ్చేసరికి వ్యాకరణంలో బాగా పైకి ఎక్కింది, ఆలోచన అన్నచోట దాదాపు అంతే కిందికి దిగింది. ఒకచోట కోసినది మరోచోట కలిపి ఇస్తూ వచ్చానన్నమాట. దీన్ని సరిచేసుకోవాలా అని నాయకురాలిని అడిగాను. ఆమె జవాబు నేను అనుకున్నది కాదు. నిలకడగా కఠినంగా ఉండేవారితో తమకు ఇబ్బంది లేదని, ఆ కఠినత్వాన్ని లెక్కలో సవరించవచ్చని, ఉదయం ఒకలా సాయంత్రం ఒకలా వేసేవారితోనే చిక్కని చెప్పారు. ‘మీ అంకెలు పెంచడానికి ప్రయత్నించకండి, ఊగిసలాట మొదలవుతుంది’ అన్నారు. వ్యాకరణంలో నా కఠినత్వం లోపమని నేనూ అనుకోవడం లేదు. ఆర్టికల్స్ కోసం తంటాలు పడుతున్న విద్యార్థికి ఆ అంశంలో మూడే రావాలి. వాదనకు అయిదు రావాలి. రెండూ విడివిడిగా వేసే వీలున్నప్పుడు నా మనసు తేలికగా ఉంది. ఒకే అంకెలో అన్నీ కుక్కవలసి వచ్చినప్పుడే నాకూ, మొదటి వ్యాసానికి అయిదు వేసిన ఆవిడకూ పేచీ వచ్చింది. విడి అంశాల పేజీలో ఆ వ్యాసానికి మేమిద్దరం వేసినవి చూస్తే ఒక్క వ్యాకరణంలోనే మెట్టు తేడా, మిగతా అన్నీ ఒకటే.

చెల్లింపు ఆగస్టులో వచ్చింది. శిక్షణ గంటలకు సగం రేటు, రోజువారీ కాలిబ్రేషన్‌కు ఏమీ లేదు, మా చర్చకు పూర్తి రేటు. గంటకు ఇన్ని వ్యాసాలని ఒక అంచనా ఉంటుంది. అది అందుకోలేకపోయినా కోత పెట్టలేదు గానీ తరువాతి విడతకు పిలుపు ఆలస్యంగా వస్తుందని తోటివారు చెప్పారు. అర్హత ఈ విడతకే చెల్లుతుంది, మళ్లీ చేరాలంటే కొత్త ప్రశ్నలకు కొత్త నమూనాలు చదివి ఆ పరీక్ష తిరిగి రాయాలి. పిలుపు సెప్టెంబరు మొదటి వారంలో వచ్చింది. ఈసారి రెండు పనుల్లో ఒకటి ఎంచుకోమన్నారు: మొత్తానికి ఒకే స్కోరు వేసేది, నాలుగు అంశాలకు విడిగా వేసేది. రెండోదానికి వ్యాసానికి రెట్టింపు సమయం పడుతుంది, గంట రేటు మాత్రం అదే. రెండోదే ఎంచుకున్నాను.